హాస్టల్ పాలు, మన కడుపు

పోస్ట్ కొంచెం పెద్దది, పైగా విషయం మోషన్స్ గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

నేను ఆరో తరగతిలో హాస్టల్‌కి వచ్చాను. అప్పటిదాకా పాలు తాగింది లేదు. మా ఊళ్ళో ఆవులున్నాయి, కానీ అవి దుక్కికి, పేడకి. పాలు దూడవి అనేది మా అవ్వ. పొద్దున్నే చోడి అంబలి తాగేవాళ్ళం. హాస్టల్లో మొదటిరోజు నుంచే గ్లాసు నిండా పాలు. తాగకపోతే లైన్లోంచి కదలనిచ్చేవారు కాదు. తాగిన గంటకి కడుపు ఉబ్బి, గుడగుడమని, ప్రేయర్ మధ్యలో పరుగు. "చేతులు కడుక్కోరు, మీ అలవాట్లే అంత" అనేవారు వార్డెన్ సార్. ఫస్ట్ పీరియడ్ లెక్కలు. సగం రోజులు నేను ఆ క్లాసులో లేను. లెక్కల్లో వెనకబడింది అలాగే (కొంత నా బద్ధకం కూడా ఉంది లెండి). నాతో వచ్చిన ఇంకొకడు రెండు నెలలకే ఇంటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

నాకేదో రోగం ఉందనుకున్నా. డిగ్రీలో జువాలజీ క్లాసులో ఎంజైమ్స్ పాఠం వచ్చేదాకా అసలు సంగతి తెలీలేదు.

పాలల్లో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 12 గ్రాములు. అది ఉన్నదున్నట్టు ఒంటికి పట్టదు. చిన్నపేగు గోడల్లో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్, గాలక్టోజ్ అని రెండుగా విడగొడితేనే రక్తంలోకి వెళ్తుంది. తల్లిపాలు తాగే వయసులో ఈ ఎంజైమ్ బాగా ఉంటుంది, పెరిగేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. ప్రపంచంలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఇంతే. తరతరాలుగా పశువుల పాల మీద బతికిన జాతుల్లోనే అది పెద్దయ్యాక కూడా ఎక్కువమందికి నిలిచింది. పాలు పితికే అలవాటే లేని ఇళ్ళ నుంచి వచ్చిన మనకి పడకపోతే వింతేముంది?

ఎంజైమ్ చాలకపోతే లాక్టోజ్ అరక్కుండా పేగులోనే ఉండిపోతుంది. మామిడికాయ ముక్కల మీద ఉప్పు చల్లితే కాసేపటికి నీళ్ళు ఊరతాయి కదా, అలాగే ఆ చక్కెర ఒంట్లో నీళ్ళని పేగులోకి లాగుతుంది. పెద్దపేగుకి చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. గ్యాస్, ఆమ్లాలు పుడతాయి. అందుకే ఆ ఉబ్బరం, ఆ నీళ్ళ విరేచనాలు. తాగిన అరగంట నుంచి రెండు గంటల్లో మొదలవుతాయి. చేతులు ఎంత కడుక్కున్నా ఆగవు.

అలాగని ప్రతి మోషన్‌నీ పాల మీద వెయ్యొద్దు. జ్వరం ఉన్నా, రక్తం పడినా, హాస్టల్లో ఒకేసారి పదిమందికి వచ్చినా నీళ్ళో తిండో పాడైందేమో అనుకోవాలి. వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి పీహెచ్‌సీకి వెళ్ళండి. చంటిపిల్లలకి తల్లిపాలు ఆపమని కూడా నేను చెప్పట్లేదు, దయచేసి ఇంటికెళ్ళి తప్పుగా చెప్పకండి. మీకు పాల వల్లేనా అని చూడాలంటే రెండు వారాలు మానేయండి. తగ్గి, మళ్ళీ తాగగానే వస్తే చాలావరకు అదే. నాకైతే టీలో పోసే కాసిన్ని పాలు ఏమీ చెయ్యవు. పెరుగూ పడుతుంది, తోడు వేసినప్పుడే బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని తినేస్తుంది కాబట్టి. గ్లాసు పాలతోనే గొడవ.

నా కోపం పాల మీద కాదు. పడేవాళ్ళు తాగండి, మంచివే. పడని పిల్లాడికి బలవంతంగా తాగించి, తర్వాత వాడే శుభ్రం లేనోడు అనడం మీద. కాల్షియం కోసం అంటారు. 100 గ్రాముల ఆవుపాలల్లో కాల్షియం 120 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే, 100 గ్రాముల చోళ్ళలో 300 పైనే ఉంటుంది. జావ కాస్తే నీళ్ళు కలుస్తాయి, నిజమే. అయినా గ్లాసు చోడి జావ తీసిపారేసేదేం కాదు. మన చేలో పండేదాన్ని మనం హాస్టల్‌కి వచ్చి మర్చిపోవాలా?

ఈ నెల మా మెస్ కమిటీలో నేనూ ఉన్నా. పాలు పడనివాళ్ళకి చోడి జావ గానీ గుడ్డు గానీ ఇవ్వమని కాగితం రాసి వార్డెన్‌కి ఇస్తున్నాం. సంతకాలకి తిరుగుతుంటే "మోషన్స్ అని రాయాలా అన్నా?" అని సిగ్గుపడుతున్నారు. రాయాలి తమ్ముడూ, అదే రాయాలి.

చిన్నపిల్లల హాస్టళ్ళలో ఉన్న అన్నలూ అక్కలూ, పొద్దున పాల లైన్ అయ్యాక కుళాయి దగ్గర చూడండి. ఎవరూ చూడకుండా గ్లాసు పారబోసే పిల్లాడు ఒకడుంటాడు. తిట్టకుండా, కడుపెలా ఉందని అడగండి.