అద్దాలెత్తుకుంటే దుమ్ము పోదు

పోయిన నెల గాజువాక దగ్గర ఒక చిన్న గ్యారేజీలో మా కారు సర్వీసుకిచ్చాను. కుర్రాడు డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి ఏసీ ఫిల్టరు బయటికి లాగాడు. కొత్తలో తెల్లగా, మడతలు మడతలుగా ఉంటుంది అది. ఇప్పుడు ప్రతి మడతలోనూ కాటుకలాంటి నల్లపొడి. "ఇదంతా మీ ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది సార్" అన్నాడు. అంటూనే దాన్ని నేలకేసి నాలుగు దెబ్బలు కొట్టాడు. పొడి గుప్పున లేచింది. మొహం పక్కకి తిప్పుకున్నాడు గాని, కనురెప్పల మీద, మెడ మీద పడనే పడింది. నాకు తప్పిన దుమ్ము ఆ పిల్లాడికి తగిలింది.

విశాఖలో ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ఒకటే మాట. "ఈ ఊరు బాగుపడేది కాదు, మన జాగ్రత్తలో మనం ఉండాలి." జాగ్రత్త అంటే కొనుక్కోవడం. నీళ్లు బాగోలేకపోతే ఆర్వో, గాలి బాగోలేకపోతే పడగ్గదిలో మిషను, రోడ్డు మీద దుమ్ముంటే కారు. "లోను పెట్టి ఒకటి తీసేసుకోండి మాస్టారూ, అద్దాలెత్తుకుని హాయిగా పోవచ్చు" అని నాకు చెప్పినవాళ్లంతా చదువుకున్నవాళ్లే, మంచివాళ్లే. నేనూ ఆ మాట విన్నాను, కొన్నాను. అయినా ఆ మాట తప్పు. దాన్ని నమ్మినకొద్దీ ఈ ఊరికి మరింత హాని జరుగుతుంది.

కారే పాపమని నేననడం లేదు. ఆస్తమా ఉన్న తల్లిని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లాల్సినవాడికి కారు అవసరం. అర్ధరాత్రి డ్యూటీ దిగే ఆడపిల్లకి అవసరం. నా తగువు కారుతో కాదు, కొనుక్కుంటే గట్టెక్కుతామనే నమ్మకంతో.

విశాఖ ఎలాంటి చోట ఉందో చూడండి. ఒకవైపు సింహాచలం కొండలు, ఒకవైపు యారాడ కొండ, నడుమ గిన్నెలాంటి పల్లం. ఆ గిన్నెలోనే రేవు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, బొగ్గు గుట్టలు, లారీలు, లక్షల ఇళ్లు. గిన్నెలో పొగ అంత తేలిగ్గా బయటికి పోదు. 2019లో కేంద్రం స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితాలో విశాఖ పేరూ ఉంది. జ్ఞానాపురంలో మా అక్క ఇంట్లో తులసి ఆకుని బొటనవేలితో రుద్దితే వేలు నల్లబడుతుంది. అక్క రోజూ పొద్దున్నే కోటకి నీళ్లు పోసేముందు ఆకులు ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడుస్తుంది. ఆరేసిన బట్టలు దులపకుండా లోపలికి తేదు.

ఈ గిన్నెలో నేను అద్దాలెత్తుకుంటే ఏమవుతుంది? కారులో బయటి గాలి రాకుండా లోపలి గాలినే తిప్పే మీట ఒకటుంటుంది. అది నొక్కుకుని కూర్చుంటాను. నా పొగ మాత్రం వెనక గొట్టంలోంచి బస్టాపులో నిలబడ్డవాళ్ల మీదికి పోతూనే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న ఇళ్లు నూటికి ఎనిమిదికి అటూ ఇటూ. 2025 సెప్టెంబరులో చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ఇంకొన్ని ఇళ్లకి వస్తాయనుకుందాం. అప్పటికీ బయట నిలబడేవాళ్లే ఎక్కువ. పైగా కొత్తగా రోడ్డెక్కిన ప్రతి కారూ ఎన్ఏడీ కూడలి దగ్గర బస్సుని ఇంకాస్త ఆలస్యం చేస్తుంది. బస్సు ఆలస్యమైందని ఇంకొకడు కారు కొంటాడు.

మన సైన్స్ ఫిక్షన్ సినిమాలు ఈ సంగతి ఎప్పుడో చెప్పాయి. మనం కథ వదిలేసి బండిని చూశాం. 2024లో 'కల్కి 2898 ఏడీ' వచ్చినప్పుడు బుజ్జి అనే బండిని ఊరూరా తిప్పారు. దాని బరువు ఆరు టన్నులని పిల్లలు కూడా చెప్పారు. కానీ ఆ కథలో కాశీ ఎండిపోయింది. నీరూ పచ్చదనమూ అన్నీ పైన వేలాడే కాంప్లెక్స్‌లో ఉన్నాయి. కింద భైరవ పది లక్షల యూనిట్లు కూడబెట్టి అందులోకి పోవాలని చూస్తుంటాడు. కాశీకి నీళ్లు రావాలని కాదు, తాను బయటపడాలని. అతని కోరికే మన కోరిక కూడా కావడం వల్ల అది మనకి హెచ్చరికలా వినపడలేదు. అంతకు ముప్పై మూడేళ్ల ముందే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో 2504వ సంవత్సరం చూపించారు. అక్కడ జనం రేడియేషన్‌కి భయపడి భూమి లోపల బతుకుతుంటారు. మనకి టైమ్ మెషీన్ గుర్తుంది, రాయలవారి కొలువు గుర్తుంది. భూమి లోపలి జనం గుర్తులేరు. సినిమాని సినిమాగా చూడాలి అంటారు. మరి బండి దగ్గర నిలబడి ఫోటోలు దిగినప్పుడు దాన్ని సినిమాగానే చూశామా?

కొనుక్కున్న రక్షణ ఎంతసేపు నిలుస్తుందో ఈ ఊరు కళ్లారా చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా వీధిలో నిద్రగన్నేరు చెట్లు అడ్డంగా పడి, చిన్నకారూ పెద్దకారూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కరెంటు లేదు, మోటారు ఆడదు, ఆర్వో పనిచెయ్యదు. పాలపాకెట్టు కోసం, ట్యాంకరు నీళ్ల కోసం అందరం ఒకే వరుసలో నిలబడ్డాం. రంపాలు పట్టుకుని చెట్లు కోసినవాళ్లు దారి తెరిచారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ ఆవిరి లేచినప్పుడు, బళ్లెక్కి బయల్దేరినవాళ్లు కూడా రోడ్డు మీదే కుప్పకూలారు. పన్నెండుమంది పోయారు.

అసలు ఈ ఊరికి కొనుక్కుని బతకడం ఎప్పుడు అలవాటైంది? ఇది అడిగి తెచ్చుకున్న ఊరు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం టి. అమృతరావు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఇదే ఊళ్లో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. అప్పుడు ఎవరికి వాళ్లు ఉద్యోగం వెతుక్కుందామని జనం అనుకుని ఉంటే గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్న ఆ మూడు కొలుములు వెలిగేవి కావు. ఉక్కు ఆంధ్రుల హక్కని అరిచిన గొంతులకి వారసులం, గాలి దగ్గరికొచ్చేసరికి మడతల ఫిల్టరుతో సరిపెట్టుకుంటున్నాం. నాకు దీనికి సిగ్గుగా ఉంది, కోపంగానూ ఉంది.

బస్సు సంగతే చూద్దాం. పెందుర్తి వైపు, సింహాచలం వైపు బీఆర్టీఎస్ పేరుతో బస్సులకు వేరే దారులు తలపెట్టారు. బస్సుల దారి బస్సులదిగా నిలవలేదు. దాన్ని నిలబెట్టమని కారున్న మనం ఒక్కసారైనా అడగలేదు, ఖాళీ దొరికితే అందులో దూరాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిటకిటలాడుతున్నాయి. దానికి మనవాళ్ల సమాధానం, "ఇక బస్సెక్కలేం, కారు తీసుకోవాల్సిందే." ఇంకో రెండొందల బస్సులు వెయ్యమని అడగొచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు.

మొన్న మా అపార్ట్‌మెంటు మీటింగులో గంటన్నర సేపు పార్కింగ్ గురించే మాట్లాడుకున్నారు. చివర్లో లేచి ఒక అర్జీ చదివాను. బొగ్గు లారీలకు పరదా కట్టకుండా వదలొద్దని, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా అదనపు బస్సులు వెయ్యాలని, మా స్టాపుకి ఒక నీడ కట్టాలని. నలభై ఇళ్లకి పదకొండు సంతకాలు పడ్డాయి. మిగతా తలుపులు ఈ ఆదివారం తడతాను.