మనోళ్లేనాండీ?
అమలాపురంలో పాత ఫ్లాటు అమ్మకానికుందంటే చూడ్డానికొచ్చినవాళ్లు గోడ చెమ్మ, బోరు నీళ్ల రుచి, లిఫ్టు రిపేర్ల గురించి అడుగుతారు. మెట్లు దిగుతూ గొంతు తగ్గించి మరోటి అడుగుతారు: "పక్క ఫ్లాటులో మనోళ్లేనాండీ?" పొరుగువాళ్లని ఎంచుకోవడం ఇక్కడే కాదు: న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లోని పాత కో-ఆప్ బిల్డింగుల్లో కొనేది గోడల్ని కాదు, సంస్థలో వాటాల్ని, బోర్డు కూర్చోబెట్టి మాట్లాడి సరేనంటేనే తాళం చేతికొస్తుంది. అయినా జాతి, మతం చూసి కాదంటే అక్కడి చట్టం ఒప్పుకోదు. మన సుప్రీంకోర్టేమో 2005లో, అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే అన్న బైలా చెల్లుతుందంది. కోనసీమలో బైలా కూడా అక్కర్లేదు, ఇంటిపేరు అడిగితే పనైపోతుంది. జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దంటూ 2022 మే 24న మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పుపెట్టిన ఊరు అమలాపురం. అలాంటి ఊళ్లో నాలుగు కులాలవాళ్లు ఒకే మోటారుకి కరెంటు బిల్లు పంచుకుంటూ, సంపు ఎవరు కడిగించాలని తగువు పడుతూ కాపురం చేసే బిల్డింగు, నా లెక్కన, కొబ్బరితోటలో మండువా లోగిలి కన్నా ఖరీదైనది. (తగువు పడితే పడనివ్వండి, మాటలైనా ఉన్నట్టు.) కొనేవాళ్లు అడగాల్సినవి వేరే ఉన్నాయి: దస్తావేజులో స్థలం అన్‌డివైడెడ్ షేరు ఎన్ని గజాలు, అసోసియేషన్ రిజిస్టరైందా, మెయింటెనెన్స్ బాకీ ఎంత, పెద్ద వానకి సెల్లార్లో నీళ్లు నిలుస్తాయా. అమ్మేవాళ్లకీ ఒక మాట: ఆ "మనోళ్లేనా"కి జవాబు చెప్పడం మానెయ్యండి.