పేరు తోచకున్నంతమాత్రమున మనిషిని మరచినట్లు కాదు

ముసలితనమున మతిమరపు సహజమని పలువురు తలంతురు. కాని ఆల్జైమర్ వ్యాధి ముసలితనము కాదు. మెదడులోని కణములను క్రమముగా నశింపజేయు జబ్బు. జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ 1906లో దీనిని వర్ణించెను. 1901లో ఆయన పరీక్షించిన రోగిణి తన పేరు వ్రాయబోయి, 'శ్రీమతి' అని వ్రాసి, తక్కినది మరచిపోయెను.

ఈ వ్యాధియందు భాష ఒక్కసారిగా పోదు. ఉచ్చారణయు వాక్యనిర్మాణమును సాధారణముగా చాలకాలము నిలుచును. మాటకును అర్థమునకును గల సంబంధము ముందుగా సడలును. రోగి ఏనుగు బొమ్మను చూచి "జంతువు" అనవచ్చును. చెంబును "నీళ్లు త్రాగేది" అనవచ్చును. అచ్చులోని మాటను తప్పులేకుండ చదివినను దాని అర్థము తట్టకపోవచ్చును.

ఇందువలన ఇండ్లలో రెండు పొరపాట్లు జరుగుచున్నవి. చక్కగా మాటలాడుచున్నారు గదా యని వైద్యునికి చూపక జాగుచేయుట మొదటిది. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులత వలన కలుగు మతిమరపు చికిత్సకు లొంగవచ్చును. కావున జాగు తగదు. పేరు చెప్పలేకపోగానే తమ్ము గుర్తింపలేదని నిశ్చయించుట రెండవది. "నేనెవరో చెప్పు, చూతము" అని వచ్చినవారెల్ల అడుగుట రోగికి అవమానకరము. అడుగుచుండిన జ్ఞాపకము నిలుచునని కొందరి వాదము. అట్టి ప్రశ్నలవలన కలవరమే పెరుగును. "నాన్నగారూ, నేను మీ పెద్దమ్మాయిని" అని తామే చెప్పుట మేలు. చిన్న వాక్యములతో, ఒకసారి ఒక్క విషయమే పలికి, వస్తువును చూపి, జవాబునకు వ్యవధి నీయవలెను.

వైద్యశాలలకును ఒక బాధ్యత కలదు. రోగి ఇంట మాటలాడు భాషలోనే పరీక్ష జరుగవలెను. చదువురాని వృద్ధుని వ్రాయుమని, తప్పినచో జబ్బని తేల్చుట న్యాయము కాదు. అక్షరము రానివారికి భాషాసంపద లేదనరాదు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో, ఆల్జైమర్ మొదలగు చిత్తవైకల్య వ్యాధులు గల 648 మందిని పరిశీలించిరి. ఒక్క భాషయే తెలిసినవారికంటె, ఒకటికి మించిన భాషలు మాటలాడువారియందు ఈ జబ్బు సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనిపించినదని 2013లో ప్రకటించిరి. చదువురానివారియందును ఈ భేదము కనిపించినది.

ఆల్జైమర్ వ్యాధిని పూర్తిగా మాన్పు ఔషధము నేటికిని లేదు. కాని మాటకై తడుముకొను వృద్ధుని తొందరపెట్టక, నవ్వక, వేచియుండుట ప్రతి ఇంటివారికిని సాధ్యమే. అది దయ మాత్రమే కాదు, చికిత్సలో ఒక భాగము.