యవనస్థులకు ఒక మాట: పాత అంబాసిడరు కొనేముందు



తిరువూరులో మా సంఘపు తమ్ముడొకడు, మెకానిక్కు షెడ్డులో పని నేర్చుకుంటున్నవాడు, పాత అంబాసిడరు కొని బాగుచేస్తానని ఇంట్లో పట్టుబట్టాడు. మామిడికాయ డబ్బు ఇనుముకు ఇవ్వనని తండ్రిగారు. ఇద్దరికీ మాటలు లేవు. తల్లిగారు వచ్చి, "అయ్యగారూ, వాడికి ఆ తుప్పు మీద మోజేమిటండీ?" అన్నారు.

ఆ మోజు మాకు తప్పుగా తోచలేదు. 1950ల చివరి నుండి 2014 మే వరకు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు ఈ కారును తయారుచేశారు. నమూనా మాత్రము ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు. పురిటినొప్పులు పడే తల్లిని వెనుక సీటులో పడుకోబెట్టి మైలవరం మీదుగా బెజవాడ ఆసుపత్రికి చేర్చినది ఇదే, పెండ్లికూతురిని తెచ్చినదీ ఇదే. పెద్దలకు ఆ హారను మోత ఇంకా చెవులలో ఉన్నది.

అయితే ముందు చూడవలసినది బండిని కాదు, కాగితములను. ఆర్‌సీలోని ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు మారాలి; అందుకు ఫారం 31. అమ్మకమునకు ఫారం 29, 30. ఎప్పుడో తీర్చిన ఫైనాన్సు ఆర్‌సీలో అలాగే ఉంటే ఫారం 35 తెమ్మనండి. కాగితములు లేని బండి ఎంత చవకైనా వద్దు, అది కోళ్ళగూడుకు తప్ప పనికిరాదు. సొంత కారుకు 15 ఏళ్ళు దాటితే పరీక్ష చేయించి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 50 ఏళ్ళు దాటి, అసలు రూపములోనే ఉన్న బండికి 2021 నుండి వింటేజి రిజిస్ట్రేషను వచ్చినది. రుసుము 20,000 రూపాయలు. కాని ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పరాదు.

తరువాత తుప్పు. అంబాసిడరుకు లారీకి ఉన్నట్టు విడిగా ఫ్రేము లేదు. అడుగు రేకులు, తలుపుల కింది గుమ్మపు రేకులే బరువు మోస్తాయి. అయస్కాంతమునకు పలుచని గుడ్డ చుట్టి ఆ రేకుల వెంట జరపండి. అంటుకోని చోట రంగు కింద ఉన్నది పుట్టీ. కాలి కింది చాప ఎత్తి చూడండి. జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు మూతపడకపోతే లోపల బలము పోయినట్టే. ఇంజను చెడితే విజయవాడ ఆటోనగరులో బాగుచేసేవారున్నారు, సామాను దొరుకుతుంది. రేకు కుళ్ళితే టింకరింగుకు బండి ధరను మించి అవుతుంది.

ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజనును తాళము తిప్పి లేపవద్దు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొంచెము ఆయిలు పోసి, ఒక రాత్రి ఉంచి, చేతితో తిప్పాలి. ట్యాంకులోని పాత పెట్రోలు పారబోయాలి. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. పాత రబ్బరు గొట్టములు దానికి ఉబ్బి మెత్తబడతాయి. తట్టుకొనే గొట్టములు వేయించండి. అన్నిటికంటె ముందు బ్రేకులు. మన తమ్ముళ్ళు ముందు రంగు వేయించి ఫొటో తీసుకుంటారు, అది మాకు నచ్చదు.

తండ్రిగారి మాటలోనూ న్యాయమున్నది. మామిడి ఏడాదికొక్కసారి కాస్తుంది, గాలివాన వస్తే ఆ కాపూ లేదు. కనుక తోట డబ్బు ముట్టవద్దని, వడ్డీకి తేవద్దని తమ్ముడికి చెప్పాము. షెడ్డు జీతములో కూడబెట్టి, అందులో సగమే బండికి పెట్టి, మిగిలిన సగము బాగుచేతకు ఉంచుకోవాలి. రెండేళ్ళు పట్టనీ. పని నేర్చిన చేతులున్నవి గనుక కూలి కొంత మిగులుతుంది.

పెండ్లిళ్ళకు అద్దెకు తిప్పి రాబట్టుకుందామని కొందరి లెక్క. సొంత వాహనముగా రిజిస్టరైన కారును కిరాయికి తిప్పుట చట్టమునకు విరుద్ధము, దానికి ట్యాక్సీ పర్మిట్టు కావాలి. ఆ లెక్క చూపి నాన్నగారిని ఒప్పించకండి.