మన పిల్లలు: నిక్షేపములు వెదకు బాలిక సంచి

సెలవులు వచ్చిన తోడనే పిల్లలు చేతిఫోను పట్టుకొని మూలకు చేరుట మన యిండ్లలో నిత్యము చూచుచున్న సంగతియే. ఆ ఫోనునే చేతబట్టుకొని పిల్లలు గుట్టలవెంట నడచునట్లు చేయు ఆట యొకటి కలదని చెప్పిన కొందఱు తల్లులు సంతోషింతురు, కొందఱు భయపడుదురు. రెండును న్యాయమే. ఈ నెల ఆ యాటను గుఱించియు, దానికి పోవు బిడ్డ వీపున నుండవలసిన సంచిని గుఱించియు నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ యాటకు జియోక్యాషింగ్ అని పేరు. ఒకరు గట్టి మూతగల డబ్బాలో చిన్న పుస్తకమును, కొన్ని చిల్లర యాటవస్తువులను పెట్టి యొకచోట దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను ప్రకటింతురు. వెదకువారు జీపీఎస్ సాయముతో అచ్చటికి పోయి, డబ్బాను కనుగొని, పుస్తకములో పేరును తేదీని వ్రాసి, మరల నున్నచోటనే యుంచి వత్తురు. అంతియే. బంగారము లేదు, బహుమానము లేదు. అమెరికా ప్రభుత్వము సామాన్యులకందు ఉపగ్రహ సంకేతములలో బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన దోషమును 2000 సంవత్సరము మే మొదటి దినములలో తీసివేసెను. వెంటనే, మే 3వ తేదీన, ఆరెగాన్ రాష్ట్రములో డేవ్ అల్మర్ అను నతడు ఒక బకెట్టును దాచి దాని యంకెలను ప్రకటించెను. నేడు ప్రపంచములో ఇట్టివి ముప్పది లక్షలకు పైబడి యున్నవి.

పహాడీ షరీఫ్‌లో హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ దర్గాయున్న గుట్టను మీలో పెక్కుమంది చూచియుందురు. దానికి కొంత దూరమున మా బంధువుల చెలక యొకటి కలదు. చెలకనిండ ఒకదానిపై నొకటి పేర్చినట్లు రాతిగుండ్లే. దక్కను నల్లరాతికి సుమారు 250 కోట్ల యేండ్ల వయస్సని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. గడచిన శీతకాలమున మా తమ్ముడు ఆ గుండ్లలో ఒక డబ్బాను దాచి, అంకెలను మా చెల్లెలి కుమార్తెకు పంపెను. దానికి పండ్రెండేండ్లు. మేనమామ పంపిన యంకెలను చూచినది మొదలు దానికి నిద్రలేదు.

ఆదివారము తెల్లవాఱుజామున బయలుదేఱితిమి. సంచి సర్దినది మా చెల్లెలు. నాలుగు గిన్నెల క్యారియరు, గొడుగు, దుప్పటి, రెండు జతల బట్టలు, పౌడరు డబ్బా, ఇంకను ఏమేమో. తరువాత తూచి చూడగా ఆఱు కిలోలు! బిడ్డ బరువో ముప్పదిరెండు. బడిసంచి బిడ్డ బరువులో పదియవ వంతు మించరాదని కేంద్రప్రభుత్వము 2020లో ప్రకటించిన విధానమున నున్నది. ఆ లెక్కను మూడు కిలోలే మోయదగినది. చెలక గట్టు దాటకమునుపే పిల్ల సంచిని మా చేతికిచ్చి ముందుకు పరుగెత్తెను. నీళ్లసీసాయు ఆ సంచిలోనే యుండెను.

గుండ్లచాటునకు పోయిన కొలదిసేపటికే ఫోను ఆఱిపోయినది. దారిపొడవునను దానిలో పాటలు విన్నది గదా! అంకెలు మఱియొకచోట వ్రాసికొన్నది కాదు. అటునిటు తడవుచుండగా ప్రక్క చెలక కాపలా వృద్ధుడు చూచి, "ఎవరి పిల్లవు బిడ్డా? ఆ గుండ్లల్ల ఏం దాస్తున్నవు?" అని గద్దించెను. పిల్లకు నోట మాట రాలేదు. మేము చేరునప్పటికి ఏడ్చుచున్నది. సంగతి చెప్పగా ఆయన శాంతించి, "చెప్పి రావాలె గదమ్మా! ఎవరిదో తెల్వని డబ్బా కనబడితే పోలీసోళ్లకు చెప్పమా?" అనెను. ఆయన మాటలో తప్పేమున్నది? 2007లోను, 2013లోను బాంబుల ప్రేలుళ్లను చూచిన నగరము మనది. విమానాశ్రయము దగ్గఱనే యున్నది. ఎవరును లేని డబ్బాను చూచి ఇచ్చటివారు భయపడుట సహజము.

పిదప మా తమ్ముని ఫోనుతో వెదకి డబ్బాను కనుగొంటిమి. పుస్తకము తెఱచి పేరు వ్రాయబోగా, ఆఱు కిలోల సంచిలో పెన్సిలు లేదు! పేరు వ్రాయనిది కనుగొన్నట్లు లెక్కకు రాదని ఆ యాటలో నియమము. పిల్ల తల వంచుకొని తిరిగి వచ్చినది. ఇంటికి రాగానే మా చెల్లెలు, "ఇంక చాలక్కా, ఆడపిల్లకు ఈ గుట్టలెందుకు?" అనెను.

నేను ఒకటే యడిగితిని: "ఆ సంచి సర్దినదెవరు?" తాను సర్దని సంచిలో ఏమున్నదో బిడ్డ యెఱుగదు, ఏమి లేదో అంతకన్న నెఱుగదు. తప్పు గుట్టది కాదు, ఆడపిల్ల యగుట కాదు. పదునైదు దినములు గడువిమ్మనియు, ఈసారి సంచిని చిన్నదే సర్దవలెననియు, మనము పరీక్షింపవలెననియు కోరితిని. చెల్లెలు అయిష్టముగనే యొప్పుకొన్నది. ఆ పదునైదు దినములలో కుదిరిన సంచిని మీకిప్పుడు విప్పి చూపుదును.

సంచి రెండు భుజములకును తగిలించుకొనునదిగా నుండవలెను. చేతులు రెండును ఖాళీగా నుండుట గుట్టలలో ముఖ్యము. బిడ్డ పేరును సంచిపైన వ్రాయరాదు. క్రొత్తవారు పేరు పెట్టి పిలుచుట కవకాశమగును. తల్లిదండ్రుల ఫోను నంబరులు వ్రాసిన చీటీ లోపల నుండవలెను.

మొదటిది నీరు. లీటరున్నర తప్పదు. బరువులో సగము అదియే. ఐనను దానిని తగ్గింపరాదు. ఎండకు సొమ్మసిల్లినవారికి ఓఆర్ఎస్ పొట్లము ఒకటి. అది లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటికి తలకొట్టిన ఆఱు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలుపుకొనవచ్చును. తినుటకు వేయించిన పల్లీలు, బెల్లము, పుట్నాలు చాలును. క్యారియరు ఇంటనే యుండనిండు. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మన ప్రాంతమున ఈ యాట కార్తికము మొదలు మాఘమువఱకే తగినది. అదియును ప్రొద్దుట పదిగంటలలోపల.

రెండవది వ్రాతపరికరములు. పెన్సిళ్లు రెండు, చెక్కుడుమర యొకటి. కలము తడికాగితముపై వ్రాయదు, పెన్సిలు వ్రాయును. అంకెలను కాగితముపై వ్రాసికొనవలెను. ఈ యంకెలను డిగ్రీలలోను, నిమిషములలోను, నిమిషములో వేయవ వంతులలోను వ్రాయుదురు. కడపటి యంకె ఒకటి తప్పిన సుమారు రెండు గజములే తప్పును. దాని ముందరిది తప్పిన ఇరువది గజములు తప్పును. తల్లి యొకమాఱు సరిచూచుట మేలు. ఫోను పూర్తిగా నింపి, పవరుబ్యాంకును తోడుగా నుంచవలెను. గుండ్లదగ్గఱ సంకేతము లడ్డుపడి ఫోను కొంత తప్పుచూపును. కడపటి పది యడుగులు కంటిపనియే కాని యంత్రముపని కాదు.

మూడవది దేహరక్షణ. కాళ్లు కప్పు బూట్లు, పొడుగు చేతుల చొక్కా, మందపు చేతితొడుగులు, చిన్న టార్చి, బారెడు కఱ్ఱ. గుండ్లసందులలో తేళ్లుండును, నాగుబాము, కట్లపాము, రక్తపింజరియు నుండవచ్చును. కన్ను పోనిచోటికి చేయి పోరాదు: ముందు టార్చి, తరువాత కఱ్ఱ, కట్టకడపట చేయి. పాము కఱచినచో కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు. కఱచిన యవయవమును కదలనీయక, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. విడిపోయినప్పుడు పిలుచుటకు ఈల యొకటి మెడలో నుండవలెను.

నాలుగవది చెప్పుటకు సంకోచింపను. పండ్రెండు పదమూడేండ్ల బాలికకు నెలసరి మొదలైనను కాకున్నను, రెండు ప్యాడ్లు, ఒక లోపలి వస్త్రము, ఒక కాగితపు సంచి చిన్నపొట్లముగా కట్టి యడుగున నుంచుడు. ఎందులకో చెప్పి యుంచుడు. అరచేయంత పొట్లము లేకపోవుటచేత ఎందఱు బాలికలు గడప దాటక ఆగిపోవుచున్నారో మన కందఱకును తెలిసినదే.

ఐదవది మర్యాదకు సంబంధించినది. డబ్బాలోనుండి ఒక వస్తువు తీసికొన్నచో, దానికి సమానమైనదో, మిన్నయైనదో పెట్టవలెను. మా చిన్నది లాడ్‌బజారు గాజుపూసలను ఎంచుకొన్నది. తినుబండారములు పెట్టిన చీమలు చేరును. అగ్గిపెట్టె, మందులు, కత్తి పెట్టరాదు. డబ్బాలను భూమిలో పాతరాదని నియమము గనుక త్రవ్వుకోలతో పనిలేదు. దారిలోని చెత్తను ఏరితెచ్చుటకు ఖాళీ సంచి యొకటి చాలును. దర్గాకు పోవుదురేని తల కప్పుకొనుటకు ఓణీ యుండవలెను.

కడపటిది తెలుగునను ఉర్దూనను వ్రాసిన చిన్న చీటీ: ఇది పిల్లల యాటయనియు, చెలక యజమాని యనుమతి కలదనియు, పెద్దల నంబరు ఇదియనియు. డబ్బా పారదర్శకముగా నుండి, దానిపైనను ఇట్టి చీటీయే యుండవలెను. దర్గా ఆవరణమునగాని, సమాధులయొద్దగాని, విమానాశ్రయపు గోడల దాపునగాని దాచనురాదు, వెదకనురాదు.

అన్నియు పేర్చి తూచగా మూడు కిలోలకు రెండు చిటికెలు తక్కువ. మా చెల్లెలు దుప్పటిని తెచ్చెను, పిల్ల నవ్వి, "ఎందుకమ్మా? నేను మళ్లీ ఇంటికే వస్త కదా!" అనెను. తల్లి దుప్పటిని మడిచి పెట్టెలో పెట్టినది.

రెండవమాఱు పోయినపుడు పిల్ల ముందుగా చెలకలోనికి పోలేదు. కాపలావృద్ధుని యొద్దకు పోయెను. "సలాం తాతా!" అని చీటీ చేతికిచ్చి, తానే యన్నియు చెప్పినది. మేము దూరమున నిలిచితిమి. ఆయన కఱ్ఱ పట్టుకొని వెంట వచ్చెను. పైన విమానమొకటి శంషాబాదువైపునకు దిగుచుండగా, పిల్ల టార్చి వేసి, కఱ్ఱతో తడవి, గుండుక్రిందనుండి డబ్బాను తీసినది. పుస్తకమున తన పేరు, తేదీ వ్రాసి, పెన్సిలును తాతకిచ్చినది. ఆయన కొంత సిగ్గుపడి, దాని పేరు క్రింద ఉర్దూలో తన పేరును వ్రాసెను. చెల్లెలు మాటాడలేదు, కొంగుతో పిల్ల నుదుటి చెమట తుడిచినది.

సోదరీమణులారా! బిడ్డను పంపలేని భయము మన కందఱకును కలదు. ఆ భయమునే విప్పి చూడుడు. దాహము, తేలు, దారితప్పుట, అనుమానించు పరాయివాడు, అకాలపు నెలసరి, ఇట్లు ఒక్కొక్కటియు వేఱువేఱుగా కనబడును. ప్రతిదానికిని అరచేతిలో నిముడు నుపాయ మొకటి కలదు. మొదటిమాఱు పెద్దలు వెంట నుండుట ధర్మము. కాని సంచిని మాత్రము బిడ్డ చేతనే సర్దింపుడు. మీరు ప్రక్కన గూర్చుండి, "ఇది యెందులకు?" అని యడుగుడు. జవాబు చెప్పగలిగిన వస్తువు లోపలికి, చెప్పలేనిది బయటికి.