నొప్పి గోలీలు – మన కాలేయం

నల్లగొండ ప్రాంతంలో కీళ్లనొప్పి వృద్ధాప్య లక్షణం మాత్రమే కాదు. నీటిలోని ఫ్లోరైడు ఎముకలలో పేరుకొని, నడివయస్సులోనే మనుషుల నడుములు వంచిన గ్రామాలు మర్రిగూడ, మునుగోడు వైపు అనేకం. 1955లోనే డాక్టర్ ఏ. హెచ్. సిద్దిఖీ ఇక్కడి రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో విపులమైన వ్యాసం ప్రకటించారు. 1970వ దశకంలో పటికతో, సున్నంతో ఫ్లోరైడును తొలగించే విధానాన్ని 'నీరి' సంస్థ రూపొందించగా, దానికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. ఊరికి కీర్తి ఇట్లా కూడా వస్తుంది! 2016 తరువాత మిషన్ భగీరథ నీరు ఇళ్లకు చేరింది. అయితే ఇదివరకే ఎముకలకు పట్టిన ఫ్లోరైడు నీరు మారినంతనే పోదు. నొప్పి మిగిలింది, నొప్పితోపాటు గోలీ మిగిలింది. ఆ గోలీని గురించే మేము నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

గోలీ పొట్టలో కరిగి తిన్నగా మోకాలికి చేరుతుందని చాలామంది భావిస్తారు. కాని పేగుల నుండి బయలుదేరిన రక్తం ముందుగా కాలేయం గుండా పోవలసిందే. యునానీ వైద్యులు గుండె, మెదడులతోపాటు జిగర్‌ను ప్రధానాంగంగా గణించినది ఊరకనే కాదు. మింగిన డైక్లోఫెనాక్‌లో దాదాపు సగం దేహమంతటికీ వ్యాపించక మునుపే అక్కడ రూపు మారుతుంది. ఈ మార్పు ఎంజైముల పని. వాటిలో ముఖ్యమైన కుటుంబం సైటోక్రోమ్ పి-450. అందులోని 2సి9 అనే ఎంజైము డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పైరాక్సికాం, సెలికాక్సిబ్ వంటి మందుల అణువుకు ఆక్సిజన్‌ను తగిలిస్తుంది. మరికొన్ని ఎంజైములు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడిస్తాయి. కొవ్వులో కరిగే పదార్థం ఈ విధంగా నీటిలో కరిగేదై, మూత్రంతోను పిత్తంతోను వెలుపలికి పోతుంది.

అందరి కాలేయమూ ఒకే వేగంతో పనిచేయదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు దక్షిణాది రాష్ట్రాల వారిపై పుదుచ్చేరి జిప్‌మర్ పరిశోధకులు 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 2సి9 జన్యు ప్రతులలో నూటికి సుమారు 12 మందకొడి రకానివి. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి అట్టి ప్రతులే సంక్రమించినవారిలో పైరాక్సికాం వంటి మందు ఎక్కువకాలం రక్తంలో నిలిచిపోతుంది. పొరుగింటివారికి సరిపోయిన మోతాదు వీరికి అధికం. తామరకు వాడే ఫ్లుకొనజోల్ కూడా ఇదే ఎంజైమును అడ్డగిస్తుంది. ఈ సంగతి దుకాణంలో చెప్పేవారెవరు?

ఎంజైముల మాట కేవలం పుస్తకాల మాట అనుకునేవారు రాబందులను తలచుకోవాలి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిన్న ఆ పక్షులు మూత్రపిండాలు చెడి లక్షలాదిగా నశించాయి. కారణం 2004లో తేలింది. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. పశువు దేహంలో అసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దానిపై నిషేధం మాత్రం 2023 వరకు రాలేదు. పేరు వేరైతే మందు వేరనుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే.

ఈ ప్రమాదం మన ఇళ్లలోనూ ఉన్నది. నొప్పి గోలీలో తరచుగా అసిక్లోఫెనాక్‌తో పారాసిటమాల్ కలిసి ఉంటుంది. అదే రోజు జ్వరమని మరొక పేరుతో మళ్లీ పారాసిటమాల్ మింగుతారు. అందులో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దానిని అణచివేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ తరిగి, కాలేయ కణాలే దెబ్బతింటాయి. నిత్యం అతిగా తాగి, సరిగా తిననివారికి ముప్పు మరింత త్వరగా వస్తుంది. ఫ్లోరైడు పీడితులకు ఇంకొక చిక్కు: దేహం నుండి ఫ్లోరైడును పంపవలసినవి మూత్రపిండాలే, నొప్పి గోలీలు వాటికి అందే రక్తాన్నే తగ్గించగలవు.

నొప్పితో లేవలేని మనిషికి గోలీ వద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఏ గోలీ, ఎన్ని రోజులు, మరి దేనితో కలపరాదు అన్నది తెలిసి మింగాలన్నదే మా వాదం. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్‌లోని మందు, అనగా డాక్టరు చీటీ లేకుండా అమ్మరానిది. ఆ మాట పట్టీపై ముద్రించే ఉన్నది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలతో. ఉర్దూ, తెలుగు మాత్రమే చదివే మన తల్లిదండ్రులకు అది ఉన్నా లేనట్లే.

ఈ రెండు భాషలూ ఒకే కప్పు కింద బోధించే కళాశాల మనది. కావున సైన్సు విద్యార్థులు నొప్పి మందుల అసలు పేర్లను ఉర్దూలోను, తెలుగులోను ఒకే కాగితంపై వ్రాసి, వైద్యునిచే సరిచూపించి, జాతీయ సేవా పథకం శిబిరాలలో పంచాలని మా ప్రతిపాదన. విద్యార్థులను అరకొర వైద్యులను చేయవద్దని కొందరు పెద్దలు అనవచ్చు. దుకాణంలో గోలీలు కత్తిరించి ఇచ్చే కుర్రవాడు ఇప్పుడు చేస్తున్నది మరి ఏ వైద్యం? అచ్చు ఖర్చు భరించవలసినదిగా కళాశాల కమిటీని కోరుతున్నాము. తొలి ప్రతిలో పది పేర్లు చాలు, డైక్లోఫెనాక్‌తో ప్రారంభించవచ్చు.