ప్రతులు నశించక ముందే: కె.ఎస్.ఆర్. దాస్ చిత్రాలు, ఉద్దానం, తెలుగు శాఖల కర్తవ్యం

ఆరుద్ర రచించిన ‘త్వమేవాహం’ (1949) ఆధునిక కవిత్వ చరిత్రలో తప్పనిసరిగా ప్రస్తావించే కావ్యం. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ మన పరిశోధకులకు నిత్యోపయోగి. ఆ ఆరుద్రే 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రానికి కథ, సంభాషణలు సమకూర్చారు. మొదటి రెండింటిని సాహిత్యంగా పరిగణించి మూడవదాన్ని ఉపాధిగా కొట్టిపారవేయడం తెలుగు శాఖల్లో స్థిరపడిన అలవాటు. ఈ విభజన ఏ సాహిత్య సిద్ధాంతం మీద ఆధారపడినదో ఎవరూ నిరూపించలేదు, నిరూపించవలసిన అవసరమున్నదని కూడ భావించలేదు. ఆ అలవాటును ప్రశ్నించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ చిత్ర దర్శకుడు కొండా సుబ్బరామ దాస్ (1936–2012). కె.ఎస్.ఆర్. దాస్‌గా ప్రసిద్ధుడు. నెల్లూరు సీమలోని వెంకటగిరిలో పుట్టి, మదరాసులో స్థిరపడి, ‘లోగుట్టు పెరుమాళ్ళకెరుక’ (1966)తో దర్శకుడైన ఈయన ‘రౌడీరాణి’ (1970), ‘జేమ్స్‌బాండ్ 777’ (1971), ‘యుగంధర్’ (1979) వంటి చిత్రాలు తీశారు. ‘రౌడీరాణి’ని తానే హిందీలో ‘రాణీ మేరా నామ్’ (1972)గా పునర్నిర్మించారు. కన్నడంలోను విష్ణువర్ధన్, రజనీకాంత్‌లతో చిత్రాలు చేశారు. హింస, శృంగారం, సాహసం అనే మూడు ఆకర్షణలను నమ్ముకొని తక్కువ పెట్టుబడితో త్వరగా తీసే చిత్రాలను పాశ్చాత్య విమర్శకులు ‘ఎక్స్‌ప్లాయిటేషన్’ చిత్రాలన్నారు. మన ప్రేక్షకులు ‘ఫైటింగు సినిమాలు’, ‘క్రైం పిక్చర్లు’ అన్నారు. దాస్ పేరు ఆ కోవకు తెలుగులో పర్యాయపదమైంది.

ఈ చిత్రాలన్నీ గొప్పవని నేను వాదించడం లేదు. ఇవి పాఠాలని, పాఠాలకు ప్రతులుంటాయని, ప్రతులు నశిస్తే విమర్శకు ఆధారం నశిస్తుందని మాత్రమే నా వాదం. ఒక కృతి మంచిదో చెడ్డదో తేల్చవలసింది విమర్శకుడే. కాని తేల్చడానికి కృతి మిగిలి ఉండాలి. పరిరక్షణ ముందు, ప్రశంస గాని నింద గాని తరువాత. మనం ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ప్రశంసకు అర్హమైనదే పరిరక్షణకు అర్హమని తీర్పు చెప్పి కూర్చున్నాం.

పూర్వపక్షాలు

మొదటి ఆక్షేపణ అశ్లీలతకు సంబంధించినది. నాట్యగత్తెల పాటలు, స్త్రీ దేహ ప్రదర్శన, అకారణ హింస నిండిన చిత్రాలకు విశ్వవిద్యాలయంలో చోటేమిటని పెద్దలు అడుగుతారు. వారికి ముద్దుపళని చరిత్రను గుర్తుచేయవలసి ఉన్నది. ‘రాధికా సాంత్వనము’ను కందుకూరి వీరేశలింగం పంతులు బూతని తీర్మానించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని సమగ్రంగా పరిష్కరించి ప్రకటిస్తే ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. తరువాత నిషేధం తొలగి, గ్రంథం మళ్ళీ వెలుగు చూసింది. నేడు ఆ కావ్యం మీద మన శాఖల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. నాగరత్నమ్మ ప్రతిని సంపాదించి ముద్రించి ఉండకపోతే ఈ పరిశోధనలు ఎక్కడ నిలిచేవి? వీరేశలింగం అభిప్రాయాన్ని ఖండించాలన్నా, సమర్థించాలన్నా నేడు మనకు ఆధారం ఆమె కాపాడిన పాఠమే. దాస్ చిత్రాల్లో స్త్రీ చిత్రణను తీవ్రంగా విమర్శించదలచిన స్త్రీవాద పరిశోధకురాలికి కూడ ఆ చిత్రాలే అవసరం. విజయలలిత తుపాకి పట్టి పగ తీర్చుకొన్న కథలో స్త్రీకి స్వాతంత్ర్యం దక్కిందా, పురుషుల చూపుకు కొత్త విందు మాత్రమే దక్కిందా అన్నది చిన్న ప్రశ్న కాదు. దానికి సమాధానం రీళ్ళలోనే ఉన్నది.

రెండవ ఆక్షేపణ అనుకరణ. ‘మోసగాళ్ళకు మోసగాడు’ సెర్జియో లియోనె చిత్రాలకు నకలని అంటారు. నిజమే, ఆ ప్రభావం దాచుకొన్నది కాదు. కాని లియోనె ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ (1964) కురసోవా ‘యొజింబొ’ (1961)కు రుణపడినదే. జపాను కత్తివీరుడు ఇటలీ వారి చేతిలో అమెరికా తుపాకివీరుడై, స్పెయిన్ ఎడారిలో తిరిగి, చివరకు రాజస్థాన్ ఇసుకలో తెలుగు మాట్లాడాడు. ఆంగ్లేయుల కాలంనాటి ఒక సంస్థానం, దాని నిధి అనే కథాభూమికలోకి ఆరుద్ర అతన్ని దించారు. కవిత్రయంతో మొదలై, సంస్కృత కథలను తెలుగు చేసి, పెంచి, కుదించి, దేశీయం చేసిన వేయేళ్ళ సాహిత్యాన్ని బోధించే మనమే అనుసరణను నేరమనడం విడ్డూరం. మూలంలోంచి ఏమి తీసుకొన్నారు, ఏమి వదిలారు, ఏమి చేర్చారు అని మనం ప్రబంధాలకు వేసే ప్రశ్నలనే ఇక్కడా వేయవచ్చు.

మూడవ ఆక్షేపణ అధికారాన్ని గురించినది. చిత్ర పరిరక్షణకు 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడిందని, అది వారి పని అని తప్పుకొంటారు. భాండాగారం రీలును భద్రపరుస్తుంది. పాఠాన్ని చదివేవారు వేరే కావాలి. పైగా భాండాగారాలకూ పరిమితులున్నాయి. భారతీయ భాషల తొలి టాకీ ‘ఆలమ్ ఆరా’ (1931) ప్రతి ఒక్కటీ మిగలలేదు. 2003లో పూనాలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో పాత నైట్రేట్ చిత్రాలు కాలిపోయాయి. ఒక్క చోటనే, ఒక్కరే కాపాడతారన్న నమ్మకం ఎంత ప్రమాదకరమో తాళపత్రాలతో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

నాల్గవది విపణి మీద విశ్వాసం. 2023 మే 31న కృష్ణ జయంతి సందర్భంగా ‘మోసగాళ్ళకు మోసగాడు’ 4కె రూపంలో మళ్ళీ విడుదలైంది. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ చిత్రం వెనుక ఒక అగ్రనటుని కుటుంబం, ఒక నిర్మాణ సంస్థ, అభిమాన సందోహం ఉన్నాయి. విజయలలిత, జ్యోతిలక్ష్మి నాయికలైన చిత్రాల వెనుక అటువంటి వంశబలం లేదు. విపణి తారను కాపాడుతుంది గాని దర్శకుని కృతులన్నింటినీ కాపాడదు. అంతేకాక, మెరుగుపరచిన కొత్త రూపం మూలప్రతికి ప్రత్యామ్నాయం కాదు. రంగులు సరిదిద్ది, ధ్వని మార్చిన రూపాన్ని మూలమని నమ్మడం, వావిళ్ళవారి అచ్చుప్రతినే కవి స్వహస్తలిఖితమని భ్రమించడం వంటిది.

ఉద్దానం సాక్ష్యం

ఈ వాదం శ్రీకాకుళం జిల్లాలో ఎందుకు తలెత్తాలో ఇప్పుడు చెప్పవలసి ఉన్నది. వ్యాపార పరిభాషలో పలాస, టెక్కలి, సోంపేట వంటి ఊళ్ళు బి, సి కేంద్రాలు. నగరాల్లో ఆడి, అరిగి, గీతలు పడిన ప్రింట్లు రేకు పెట్టెల్లో చివరగా చేరేది ఇటువంటి ఊళ్ళకే. ఫైటింగు చిత్రాలకు దీర్ఘాయువు ఇచ్చినవి ఈ కేంద్రాలే. నేల, బెంచీ, కుర్చీ తరగతుల టూరింగు టాకీసుల్లో ఒకే ప్రొజెక్టరు ఉండటంవల్ల రీలు రీలుకూ ఆట ఆగేది. తెగిన చోట ఆపరేటరు అతికేవాడు. ప్రతి అతుకు దగ్గరా కొన్ని ఫ్రేములు పోయేవి. ఒక చోట తీసేసిన పాట మరొక చోట తిరిగి చేరేది. ఉద్దానం ప్రేక్షకుడు చూసినది సెన్సారు ధ్రువపత్రంలోని చిత్రం కాదు. లోపాలు, ప్రక్షిప్తాలు గల ఒక ప్రాంతీయ పాఠం. పాఠపరిష్కర్తకు ఇంతకంటె పరిచితమైన పరిస్థితి ఏముంటుంది?

కాలం కూడ గమనింపదగినది. ‘రౌడీరాణి’ విడుదలైన 1970వ సంవత్సరం శ్రీకాకుళ రైతాంగ పోరాటం తీవ్ర నిర్బంధంలో నలిగిన కాలం. బొడ్డపాడు, గరుడభద్ర వంటి ఉద్దానం గ్రామాలు ఆ చరిత్రలో భాగం. 1969 డిసెంబరులో ప్రాణాలు కోల్పోయిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమ వాహికగా మలచిన తీరు మీద మనం పరిశోధిస్తున్నాం. అది న్యాయం. అయితే ఒక ప్రాంతపు శ్రోత జముకుల కథ విన్న చెవితోనే సినిమా సంభాషణ కూడ వింటాడు. ఆ రెండింటిలో ఒకదాన్ని ప్రజాకళ అని, రెండవదాన్ని ప్రజలను పాడుచేసే సరకు అని విడదీసినది పరిశోధకుడే. ‘రౌడీరాణి’లోని పగకు, ఆనాటి పల్లెల్లోని ఆగ్రహానికి సంబంధమున్నదని తొందరపడి ప్రతిపాదించడం తప్పు. సంబంధం లేదని తేల్చడం కూడ అంతే తప్పు. రెండింటికీ సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం మన కళ్ళముందే కరిగిపోతున్నది. అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు పులిసి, వెనిగరు వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. ఒకసారి మొదలైన ఆ క్రియను నెమ్మదింపజేయగలం గాని వెనక్కు తిప్పలేం. చల్లని పొడి గది దానికి మందు. ఉప్పుగాలి వీచే మన తీరం దానికి శత్రువు. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేశాయి. ఇంటి కప్పు ఎగిరిపోయిన చోట పెట్టెలోని పాటల పుస్తకం, గోడకంటించిన వాల్‌పోస్టరు మిగులుతాయని ఎవరు ఆశించగలరు? 1970లో ఇరవై ఏళ్ళ వయస్సున్న ప్రేక్షకుడు నేడు డెబ్భై అయిదు దాటాడు. మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న ఉద్దానంలో ఆ వయస్సు దాకా నిలిచి, జ్ఞాపకం చెప్పగలవారు ఎందరు? పల్లెలో ఒక ఆపరేటరు కన్నుమూస్తే ఒక వ్యాఖ్యాన సంప్రదాయం కన్నుమూసినట్టే. దీన్ని అలంకారంగా చెప్పడం లేదు.

వెక్కిరింత ప్రశంస కాదు

పరిరక్షణను సమర్థించేవారిలో ఒక వర్గంతో కూడ నాకు పేచీ ఉన్నది. చౌక సెట్టును, అతి నటనను, పెట్టుడు మీసాన్ని చూపి నవ్వుకోవడానికే పాత చిత్రాలను వెదికే అభిరుచి ఇప్పుడు ప్రబలింది. ‘ఎంత చెడ్డగా ఉన్నదో, అంత బాగున్నది’ అన్నది వారి సూత్రం. ఈ నవ్వులో ఆ చిత్రాన్ని నేలమీద కూర్చుండి శ్రద్ధగా చూసిన జీడిపప్పు కార్ఖానా కూలీ మీద, కొబ్బరితోట రైతు మీద చిన్నచూపున్నది. వారు వెక్కిరించడానికి డబ్బుపెట్టి టికెట్టు కొనలేదు. ఉత్కంఠ కోసం, ఆశ్చర్యం కోసం కొన్నారు. తక్కువ పెట్టుబడిలో ఆ ఉత్కంఠను దాస్ ఎట్లా సాధించారు? వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణం ఎడారి విస్తృతిని తెలుగు తెరకు ఎట్లా తెచ్చింది? నాగభూషణం వంటి నటుని నోట మోసం హాస్యంగా మారేటప్పుడు ఆరుద్ర భాష ఏ మలుపు తిరిగింది? ఈ ప్రశ్నలకు ఓపికగా సమాధానం వెదకడమే ప్రశంస. బాగాలేనిచోట బాగాలేదనడం కూడ అందులో భాగమే.

పొరుగువారు ఈ పని మొదలుపెట్టి చాలాకాలమైంది. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇటువంటి చిత్రాల రీళ్ళకోసమే 2009లో ఒక భాండాగారం వెలసింది. రామ్సే సోదరుల హిందీ భయానక చిత్రాలను విదేశీ సంస్థలు డి.వి.డి.లుగా వేశాయి. తెలుగు సినిమా, అభిమానం, రాజకీయాల మీద ఎస్.వి. శ్రీనివాస్ వంటి పండితుల గంభీర గ్రంథాలు ఆంగ్లంలో వచ్చాయి. తెలుగు చిత్రాల మీద లోతైన ఆలోచన తెలుగు శాఖల వెలుపల, తెలుగేతర భాషలో సాగడం మనకు గౌరవం కాదు.

చేయవలసిన పని

ఈ పనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. రీళ్ళ శాస్త్రీయ సంరక్షణ భాండాగారాలకు వదలి, పాఠసామగ్రిని మనం సేకరించవచ్చు. కథాసంగ్రహం, తారాగణం, పాటలు అచ్చువేసి థియేటరు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు మొదటి సామగ్రి. నిడివి, రీళ్ళ సంఖ్య, కోతల వివరాలు నమోదైన సెన్సారు ధ్రువపత్రాలు రెండవది. వీటితో పోల్చితే నేడు దొరికే టీవీ, వి.సి.డి. రూపాల్లో ఏమి లోపించిందో తేలుతుంది. ఏ చిత్రం ఏ ఊళ్ళో ఎన్ని రోజులు ఆడిందో చెప్పే రోజువారీ వసూళ్ళ నివేదికలు, వినోదపు పన్ను లెక్కలు, 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం కింద ఇచ్చిన టూరింగు టాకీసుల అనుమతి పత్రాలు మూడవది. ఆపరేటర్లు, గేట్‌కీపర్లు, ప్రేక్షకుల మౌఖిక కథనాలు నాల్గవది. జానపద గేయాలు సేకరించడానికి మన విద్యార్థులకు నేర్పే క్షేత్రపద్ధతే దీనికీ చాలును. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఒక్కొక్క మండలానికి ఒక్కొక్క పిహెచ్.డి. విద్యార్థి చొప్పున పంపితే రెండు మూడేళ్ళలో ఒక ప్రాంతపు వీక్షణ చరిత్ర రూపుకడుతుంది. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉన్న జిల్లాకు ఇది అసాధ్యం కాదు.

ఈ నేల మీద దీనికి పూర్వోదాహరణ కూడ ఉన్నది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవరల భాషను నేర్చి, వారి పాటలను, కథలను సేకరించి, 1931లో ఆ భాషా వివరణ గ్రంథాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. లిపి లేని భాషకు వ్యాకరణమేమిటని నవ్విన కాలమది. ఏది చదువదగినదో పండితసభ నిర్ణయించేదాకా ఆయన ఆగలేదు. చెప్పేవారు ఉండగానే వెళ్ళి విన్నారు.

వ్యావహారిక భాషకు గెలుపు దక్కిందని ఏటా ఆగస్టు 29న సభలు జరుపుకొనే మనం, ఆ వ్యవహర్తలు అర్ధశతాబ్దం పాటు నేలమీద కూర్చుండి చూసిన చిత్రాల దగ్గరకు వచ్చేసరికి ముక్కు మూసుకొంటున్నాం. దాస్ చిత్రాలను పొగడమని ఎవరినీ కోరడం లేదు. వాటిని నిందించే హక్కునైనా రాబోయే తరానికి మిగల్చమని కోరుతున్నాను. ఆ హక్కు మిగలాలంటే పాటల పుస్తకాలు, ధ్రువపత్రాలు, జ్ఞాపకాలు ఈ దశాబ్దంలోనే మన గ్రంథాలయాలకు చేరాలి.